మూడో జాము పెట్టె

రాత్రి రెండు దాటాక చెరువుకి ఊపిరాడదు.
పైకి తెలీదు. నీళ్లు నీళ్లలాగే ఉంటాయి,
ఉప్పుటేరు మీంచి గాలి కూడా వస్తూనే ఉంటుంది.
అడుగున మాత్రం రొయ్య మీసం కదలదు.

నేను మోచేతి దాకా చెయ్యి పెట్టి
వాసన చూసి చెప్పేవాణ్ణి.
పదిహేనేళ్లు. ఒక్క పంట పోనివ్వలేదు
(పోయిన ఆ ఒక్కటీ తుపానుది, నాది కాదు).
టార్చి వేస్తే గట్టు వారన ఎర్రటి కళ్లు, వందలు.
అవి తేలాయంటే
ఏరియేటరు స్విచ్చికి పరిగెత్తాలి,
బురదలో, తడి కాళ్లతో, తడి చేత్తో.

అలాగే పరిగెత్తాడు వరసకి మా బావ, గంటా ఏసుపాదం.
పొద్దున్న మేం వెళ్లేసరికి
స్విచ్చి పట్టుకునే ఉన్నాడు.
రొయ్యలు బతికాయి.
యాభై కౌంటు, మంచి రేటు పలికింది ఆ వారం.

మా దీవెన అప్పుడు తొమ్మిదో తరగతి.
బళ్లో వ్యాసరచన పోటీ: విజ్ఞానం వరమా శాపమా.
అదీ సగం ఇదీ సగం రాసిన పిల్లలకి బహుమతులొచ్చాయి.
మా పిల్ల ఒకే ఒక్క వాక్యం రాసింది:
'స్విచ్చి చేత్తోనే ఎందుకు వెయ్యాలి?'
సున్నా మార్కులు.

పాలిటెక్నిక్ మూడో ఏట
ఒక పాత సెల్లు, హార్లిక్స్ సీసా మూత,
ఆకివీడు పాత సామాన్ల కొట్లో కిలో లెక్కన కొన్న తీగలు.
సోల్డరు పొగకి వంటింట్లో పప్పు రుచి మారిపోయింది.
ఆ పెట్టె నీళ్లలో గాలి ఎంతుందో కొలుస్తుంది,
మూడుకి దిగితే తనే ఏరియేటరు వేస్తుంది.
తడవదు, నిద్రపోదు, బీడీ అడగదు.

చెరువుల ఆసామి ముందు నవ్వాడు.
తర్వాత ఒక చెరువుకి పెట్టాడు.
తర్వాత నలభై చెరువులకి.
భీమవరంలో శాలువా కప్పారు. పేపర్లో ఫోటో.
పక్కన నన్ను కోసేశారు, చెయ్యి మాత్రం పడింది.

కాపలా వాళ్లం ఇరవై ఆరు మందిమి.
నలుగుర్ని ఉంచారు.
ఆ నలుగురిలో నేను లేను.
కూతురి పేరు చెప్పి అడగొచ్చుగా అంది మా ఆవిడ.
ఆ పేరు చెప్పా!

ఏసుపాదం భార్య కరుణమ్మ వచ్చింది.
బొమ్మిడాయిల పులుసు గిన్నె పిల్ల చేతిలో పెట్టి
"నాలుగేళ్ల ముందు చేసుంటే బాగుండేదే అమ్మా" అంది.
నాలుగేళ్ల కిందట దానికి పధ్నాలుగు.
ఆ సాయంత్రమే టీ బడ్డీ దగ్గర బొంతు సువార్తరాజు
నన్ను చూసి గ్లాసు కింద పెట్టి వెళ్లిపోయాడు.
సగం టీ ఉంది అందులో.
పులుసు తిన్నాం. టీ డబ్బులు నేనిచ్చాను.

కాలవ రాకముందు ఇక్కడ కరువుండేదట,
మా తాతకి వాళ్ల తాత చెప్పాడట.
కాలవొచ్చి వరి వచ్చింది. వరి పోయి రొయ్య వచ్చింది.
రొయ్యతో డాబా వచ్చింది, బోరులో ఉప్పు వచ్చింది,
తాగే నీళ్లు ఇరవై రూపాయల టిన్నులోకి వెళ్లాయి.
డాబా దాకా అందరికీ కనిపెట్టినవాళ్లున్నారు.
ఉప్పు దగ్గరికి వచ్చేసరికి ఎవరూ లేరు.

ఇప్పటికీ రెండింటికి మెలకువొస్తుంది.
మొన్న వెళ్లాను. గట్టు మీద కుక్క మొరగలేదు, నన్నింకా మరిచిపోలేదు.
నీళ్లలో చెయ్యి పెట్టాను.
ఇంకో గంట పరవాలేదు అంది చెయ్యి.
అంటూండగానే ఏరియేటర్లు తిరిగాయి.
టార్చి వేస్తే వారన అప్పటికే రెండు మూడు ఎర్రటి కళ్లు.
పెట్టెదే ఒప్పు.

ఇంటికొస్తే పిల్ల మేలుకునే ఉంది, నోటు పుస్తకం తెరుచుకుని.
"నీ చేతికి ఎలా తెలిసేది నాన్నా? చెప్పు, రాసుకుంటా.
ఆ వాసనకి కొలతేంటి?"
"నెలకి పన్నెండు వేలు" అన్నాను.
పెన్ను ఆగింది.

అప్పుడే కరెంటు పోయింది.
చీకట్లో ఇద్దరం చెరువుల వైపు చెవులు పెట్టాం.
ఒకటి, రెండు, మూడు...
ఏడు దగ్గర జనరేటరు తనంతట తనే అందుకుంది.
ఇద్దరం ఊపిరి వదిలాం.
అది ఎందుకు వదిలిందో నాకు తెలుసు.