చేతి దూరం

పెదజాలరిపేటలో ఎర్నమ్మ గుమ్మం ముందు
మూడోసారి నిలబడ్డాను.
చంకలో రిజిస్టరు, సంచిలో చుక్కలమందు,
శనివారం ఎనిమిదింటికి బస్సని ఒకే ఒక్క కబురు.

ఆమె చేపలు ఏరుతోంది,
కళ్ళతో కాదు.
ఏది నెత్తలి, ఏది కవ్వ, ఏది ఊరికే ఇసక,
అంతా వేళ్ళే చూసుకుంటున్నాయి.
కుడికంట్లో అన్నం మెతుకంత తెల్లటి పువ్వు,
ఎడమకంట్లో అదే,
ఇంకా గంజిలా పలచగా.

"ముదరనీయే పిల్లా" అంది తల ఎత్తకుండానే.
"పచ్చికాయ కోస్తారేటి ఎవులైనా?"

శిక్షణలో నేర్పిన మాటలన్నీ అప్పజెప్పాను.
ముదరక్కర్లేదమ్మా, ఆ రోజులు పోయాయి,
కుట్లుండవు, ఖర్చుండదు, పావుగంట పని.
వింది.
రాత్రంతా సముద్రాన్ని వినే మనిషి,
నన్ను వినడం ఆమెకొక లెక్కా!

"మరి దానయ్యకేటయింది?"

ఈ పేటలో ఏ గుమ్మానికెళ్ళినా
నాకన్నా ముందే వచ్చి కూచునుంటాడు దానయ్య,
ఆపరేషనయ్యాక కన్ను పోయిన దానయ్య.
నాలుగోరోజే కట్టు విప్పేసి వేటకెళ్ళాడని,
కంట్లో ఉప్పునీళ్ళు కొట్టుకున్నాయని
ఎవరూ చెప్పరు.
ఎందుకెళ్ళాడో అసలే చెప్పరు.
పడవ వాటా, వారం వడ్డీ, ఇంట్లో ఐదు నోళ్ళు.

పోనీ వేట నిషేధంలో రామ్మా అన్నాను,
అరవయ్యొక్క రోజులు పడవలన్నీ ఒడ్డునే కదా.
నవ్వింది.
"అప్పుడు డబ్బు నేదు. ఇప్పుడు తీరిక నేదు.
రెంటికీ మద్దినొక రోజు
నీ పుస్తకంలో ఉంటే సూడు, వస్తాను."

లోపల్నుంచి కోడలు:
తోడెవరెళ్తారు? నేనెళ్తే
హార్బర్లో వేలంపాటకి ఎవరు నిలబడతారు?
కోడలే, గొంతు తగ్గించి:
మొన్నెవడో ఇరవై నోటు చేతిలో పెట్టి
రెండొందలని చెప్పి
వంజరం ముక్కలు కట్టించుకుపోయాడు.

ఎర్నమ్మ వేళ్ళు ఆగిపోయాయి.
ముఖం గోడవైపు తిప్పుకుంది.
అంతసేపట్లో ఆమె నా నుంచి దాచుకున్నది
అదొక్కటే.

గడప మీద మనవరాలు లోవకుమారి,
పాఠం ముక్కుకి రాసుకుంటూ చదువుతోంది.
బడిలో రాసిచ్చిన కళ్ళజోడు చీటీ
నూకాలమ్మ పటం వెనక మడతపడి ఉందట.
'నాలుక్కళ్ళది' అంటారని.
ఎవరంటారే అంటే
అందరూ అంది.

"సర్లే, నా పేరు రాసేసుకునే ఉంటావు.
ఏటి రాసేవో సదువు."

రిజిస్టరు తెరిచాను.
అక్షరాలు నెత్తళ్ళలా జారిపోతున్నాయి.
కొంచెం వెనక్కి జరిపాను. ఇంకొంచెం.
చెయ్యి మొత్తం చాపాక
ఒక 'ఎ' దొరికింది.

"కాగితం అంత దూరంనించి
సప్పుడు సేస్తందేటే?"

నేను మాట్లాడలేదు.

"నీకెన్నేళ్ళు?"
నలభై నాలుగు.
"మరి సూపించుకున్నావా?"

ఇరవైరెండు గుమ్మాల దగ్గర
నేను కొట్టిపారేసిన సాకులన్నీ
ఒక్కొక్కటే నా నాలుక మీదికొచ్చాయి.
తీరిక లేదు. ఇంకా అంత ముదరలేదు.
దారం ఎక్కించడానికి పక్కింటి పిల్లుంది.

ఎర్నమ్మ చేతులు చీరకి తుడుచుకుంది.
"ముందు నీ పేరు రాయి. దాని కింద ఈ గుంటది.
ఆ కింద నాది.
నాను కోయించుకోడానికి కాదు,
నీకు తోడొస్తన్నాను.
అక్కడికెళ్ళాక సూద్దుం."

రాశాను. గీత మీద రాశాననే అనుకుంటున్నాను.

శనివారం బస్సెక్కుతుందో లేదో తెలీదు.
లేవబోతుంటే
ఆమె ముఖం సముద్రం వైపు తిరిగింది.
"కొండ మీద దీపం ఎలిగిందా?"

వెలిగిందమ్మా అన్నాను.
అది నాకు బాగానే కనిపిస్తుంది,
దూరంగా ఉంది కనక.