పంటు మీద నలభై ఏడోసారి

మాధవాయిపాలెం రేవులో తాళ్లు విప్పుతున్నారు.
నా ఒళ్లో ల్యాప్‌టాప్.
అటు రొయ్యల ట్రేలు, ఇటు కొబ్బరి డొక్కల ట్రాక్టరు,
నా సంచీ వాసన చూస్తూ ఒక మేక.

"ఇయ్యాల ఏం పరీచ్చమ్మా, నీళ్లకా, గాలికా?"
సరంగు ఓలేటి ధర్మలింగం అడిగాడు.
"పేరుకండీ" అన్నాను.
బీడీ ఏట్లోకి విసిరి ఇంజను లేపాడు.

యంత్రాలకు మాట్లాడ్డం నేర్పిన తొలిరోజుల్లో
ఎవరు అన్నదానికీ ఎక్కడ అన్నదానికీ
ఒకే అంకె సరిపెట్టుకున్నారు.
అప్పట్లో యంత్రాలు గదులు దాటేవి కావు.
ఇప్పుడు నరసాపురం టవరు కట్టిన అంకె
ఏటి మధ్యలో ఊడిపోతుంది.
సఖినేటిపల్లి టవరు ఇంకోటి కడుతుంది.
అవతలి యంత్రం సగం వాక్యంలో ఆగి
నువ్వెవరు అంటుంది.

మా లంక కోసుకుపోయి ఇరవై రెండేళ్లు.
కార్డులో డోరు నంబరు ఇంకా ఉంది.
ఆ గుమ్మంలోంచి ఇప్పుడు జెల్లలు తిరుగుతాయి.
అయినా పెళ్లి పిలుపులకు మేం అందుతూనే ఉన్నాం.
ఎలా అందుతున్నామా అని
ఎవరూ పేపరు రాయలేదు.

బాతుల సువార్తయ్యను అడిగాను ఒకసారి.
కోసిన మడి నుంచి కోసిన మడికి
ఏడాదంతా నడిచే మనిషి.
"మందలు కలిసిపోతే నీవెన్నో ఎలా తెలుస్తాయి?"
ఒక బాతును తిరగేసి చూపించాడు:
కాలి వేళ్ల మధ్య పల్చని తోలు మీద గాటు.
మడి మారుతుంది, గాటు మారదు.

ఆ రాత్రి ఐసు ఫ్యాక్టరీ మీది అద్దె గదిలో,
కింద కంప్రెసరు గురక పెడుతుంటే,
గాటును లెక్కల్లో కోశాను.
జంట తాళాలు: ఒకటి లోకానికి, ఒకటి కడుపులో.
మాటకూ చిరునామాకూ నడుమ
పూతరేకంత పొర.
మాట గాటును నమ్ముకుంటుంది,
చిరునామా దాని ఇష్టం.

పంతొమ్మిదోసారి బ్యాటరీ చచ్చింది.
ముప్పై రెండోసారి ఏదో కంపెనీ కాపలాగోడ
ఈ రకం ప్యాకెట్టు మా వంశంలో లేదని
గుమ్మంలోనే పారేసింది.
వరదనెల పంటే లేదు.

నలభై ఏడు, ఇవాళ.
ఎదురు పంటు మీద నా విద్యార్థిని శారోను.
పాటు మీద ఇద్దరం ఏటి నడుమకొచ్చాం,
ఇద్దరి అంకెలూ ఒక్కసారే మారాయి.
నేను మారానని ఆమె పాత ఇంటికి కబురంపాను.
తను మారానని ఆమె నా పాత ఇంటికి పంపింది.
రెండు కబుర్లూ
ఎవరూ లేని రెండు ఒడ్లు తట్టి కూర్చున్నాయి.
ఇరవై బారల దూరంలో చెయ్యి ఊపుతోంది.
కనిపిస్తోంది.
దొరకడం లేదు.

దిగాక టిక్కెట్ల గది కిటికీలోంచి వీరవేణి,
చిల్లర లెక్కపెడుతూనే:
"మీ పిల్ల ఫోన్ చేసిందండి. మిమ్మల్ని ఈ ఒడ్డునే ఉండమంది."
పదిహేనేళ్లుగా ఆ కుర్చీ కదల్లేదు.
ఎవరు ఎవర్ని వెతుక్కున్నా అక్కడే అడుగుతారు.

ఇద్దరూ కదిలేవాళ్లయితే
కదలని మూడో మనిషి కావాలి.
ఎంత చిన్న సంగతి.
ఐసు ఫ్యాక్టరీ గదిలో చిన్న సర్వరు పెట్టి
దానికి వీరవేణి అని పేరు పెడతాను.
అడిగితే నవ్వి
"నాకేమన్నా ఇత్తారా?" అంది.

తిరుగు పంటులో సంబరంగా ధర్మలింగానికి చెప్పాను:
ఇక ఏ ఒడ్డునున్నా మనిషి మనిషే, తెగడు.
చాలాసేపు చుక్కాని వదల్లేదు.
"అంటే యాడికెళ్లినా పట్టేసుకుంటారన్నమాట.
ఆ ఫైనాన్సోడికి మాత్తరం చెప్పకమ్మా."

నోటుబుక్కు తీశాను.
నలభై ఎనిమిది అని రాసి, కింద:
గాటు చెరపాల్సి వస్తే?
పెన్ను అక్కడే ఆగింది.
పంటు ఒడ్డుకు గుద్దుకుంది.
మేక అందరికన్నా ముందు దిగిపోయింది.