గోళ్ల రంగు

క్యాజువాల్టీకి గోడలుంటాయనుకునేదాన్ని.
ఆ రాత్రి సింగ్ నగర్ ఫ్లైఓవర్ దిగే చోట,
రోడ్డు తనంతట తానే నీళ్లలోకి
నడిచి వెళ్లిపోయిన చోట,
ఒక ట్రాక్టరు ట్రక్కు,
రెండు బెంచీలు, ఒక ఆక్సిజన్ సిలిండరు,
గొడుగు కమ్మీకి వేలాడే సెలైన్ సీసా.
"ఇదే మన వార్డు సిస్టర్" అన్నారు
డాక్టర్ ఇంతియాజ్ గారు
ప్యాంటు మోకాళ్ల పైకి మడుస్తూ.

బుడమేరు వాసన ఇంకా నా జడలో ఉంది.
డీజిలు, నానిన బియ్యం,
ఎవరి బీరువాలోవో కలరా ఉండలు.

ట్రైనింగులో ఏసీ హాల్లో చెప్పారు,
ఎరుపు చీటీ అంటే ఇప్పుడే,
పసుపంటే కాసేపు ఆగొచ్చు,
ఆకుపచ్చంటే నడవగలరు.
నాలుగోది చెప్పక్కర్లేదు.
చీటీలు తడిసి ముద్దయితే ఏం చెయ్యాలో
ఆ సారు చెప్పలేదు,
టీ ఇచ్చారు.

నాగాయలంక నుంచి లారీ మీద పడవెక్కించుకొచ్చిన కుర్రాళ్లు
వాంబే కాలనీ లోపలికి టార్చితో వెళ్లి
మనుషుల్ని తెచ్చి మా ముందు దించేవాళ్లు.
మూడో ట్రిప్పులో దిగింది కెజియా,
పదో తరగతి, వాళ్లమ్మది గాజుల బండి.
సర్టిఫికెట్లు పోయాయి.
చంకలో మటుకు ప్లాస్టిక్ డబ్బా, నిండా గోళ్ల రంగులు.
మా చీటీల అవస్థ చూసి తనే మూత తీసింది.
"నీళ్లకి పోదక్కా ఇది."

అట్లా మొదలైంది.
డయాలసిస్ తప్పి ఒళ్లంతా ఉబ్బిన మేస్త్రి మణికట్టుకి ఎరుపు.
నిండు నెలల రమీజాకి ఎరుపు,
నొప్పి మధ్యలో నవ్వింది కూడా,
"పెళ్లినాడే పెట్టుకున్నా మళ్లీ ఇప్పుడే."
రేకు కోసుకున్న పిల్లాడి పాదానికి కట్టు, చేతికి పసుపు.
బీపీ మాత్ర అడిగిన ముసలావిడకి ఆకుపచ్చ పూస్తే
చెయ్యి లాక్కుంది:
"ఎర్రదైతే ముందు పంపిస్తారంటగా,
నేనేం పాపం చేశాను?"

తెల్లారగట్ల పడవలో ఒకావిడ
తన భర్త తల ఒళ్లో పెట్టుకుని వచ్చింది.
మెడ పట్టుకు చూశాను.
టార్చి వేసి కళ్లు చూశాను.
చల్లబడి చాలాసేపైంది.
"ఈయనకే రంగమ్మా?" అందావిడ.

నేను కెజియా వైపు చూశాను.
డబ్బాలో వెతికింది, మళ్లీ వెతికింది.
కాఫీ రంగు, వెండి, గులాబీ.
"నల్లది లేదక్కా.
ఎవరూ కొనరు."

డాక్టరు గారు అటు తిరిగి
సిలిండరు మీటరు చూస్తూ నిలబడ్డారు.
అది ఖాళీ అయి గంటయింది.

"పేరు రాయండి, చాలు" అందావిడ.
గులాబీ సీసా తీసి ముంజేతి మీద రాశాను,
అక్షరాలు వంకరపోతూ,
తమ్మిశెట్టి ఆదియ్య.
"పెయింటరని కూడా రాయండమ్మా,
లేకపోతే ఎవరో అనుకుంటారు."
రాశాను.
ఆయన గోళ్లలో నీలం సున్నం ఇంకా ఉంది.
ఆవిడ ఆ చేతిని మూతి దగ్గరికి తెచ్చుకుని
అక్షరాలు ఆరేదాకా
మెల్లగా ఊదుతూ కూచుంది.

నెలయ్యాక ఆసుపత్రిలో
ఇండెంటు పుస్తకం తెరిచాను.
గ్లవ్సులు, దూది, ఓఆర్ఎస్, క్యాన్యులాలు.
కింద గోళ్ల రంగు అని రాశాను.
"ఇది మందు కాదు సిస్టర్" అని
స్టోర్సు గుమాస్తా అడ్డంగా గీత గీశాడు.
ఆ గీత కిందే మళ్లీ రాశాను,
ఎరుపు, పసుపు, ఆకుపచ్చ.
కాసేపాగి,
గులాబీ కూడా.