నలభై ఏడో పలక

జక్కూరు దాటాక, ఎర్రమట్టి మీద
బూడిదరంగు ప్లాస్టిక్ పలకలు
ఒకదాని పంట్లో ఇంకొకటి ఇరికించి
అరవై గజాల రన్‌వే పరిచాం.
విమానం రాదు.
దాని బరువు మాత్రం వస్తుంది:
ఇనుప దిమ్మెలు మోసే ఒంటిచక్రం బండి,
పోతూ, వస్తూ, పోతూ.

నా పని లెక్క రాయడం.
మూడువందల పన్నెండోసారి, వంపు నాలుగు మిల్లీమీటర్లు.
పగుళ్లు లేవు.

మడకశిర నుంచి కూలికొచ్చిన చౌడమ్మ
చెప్పులు విడిచి పలకల మీద నడిచింది,
అలికిన కళ్లం ఆరిందో లేదో చూసినట్టు.
నలభై ఏడు దగ్గర ఆగి, మడమతో తట్టి
"ఈడ డొల్లగా ఉండాది సార్" అంది.
గేజ్ ఒప్పుకోలేదు.
నేను గేజ్ మాటే రాశాను.

మధ్యాహ్నం యలహంక వైపు నుంచి వాన.
నాలుగువందల ఆరోసారి
చక్రం కింద పలక కిర్రుమని నోరు తెరిచింది.
ఎత్తి చూస్తే
కూలిన చీమల ఊరు,
తెల్లటి గుడ్లు కరుచుకుని ఎటో పోతున్న బారు.

రిజిస్టరులో
'లోపం కనుగొన్న పరికరం' అన్న గడి
చాలాసేపు ఖాళీగా ఉంచి
చివరికి రాశాను: కుడికాలి మడమ.

అప్పటికి ఆమె
బురదలో చెప్పులు వెతుక్కుంటోంది.
ఒకటే దొరికింది.