లాభం, రెండు, మూడు

మాత్రలు లెక్కపెట్టే నా వేళ్ళని చూసే
విన్నీ టైసన్ నన్ను పిలిచింది.
కీళ్ళనొప్పుల మందు సంచిలో వేసుకుంటూ
"ఆ వేళ్ళకి నూలు తెలుసు" అంది.
తెలియదన్నాను.
"అయితే ఆదివారం రా, తెలుస్తుంది."

డడ్డన్ లోయలో ఆమె కొట్టం.
తలుపు తీస్తే కప్పుదాకా ఉన్ని.
జిడ్డు, పేడ, తడిసిన మట్టి.
ముక్కు మూసుకోబోయి ఆగాను.
వానలో గొంగడి కొప్పెర పెట్టుకుని
పాలమూరులో మా వీధి దాటిపోయిన వాడెవరో
వెనక వదిలేసిన వాసన ఇది.

"ఈ యేడు ఉన్ని డబ్బులు
కత్తిరించినవాడి కూలికే చాల్లేదు" అంది,
రేపు వాన పడుతుందన్నంత మామూలుగా.
పక్క పొలం వాళ్ళు కాల్చేశారట.
ఉన్ని సరిగ్గా కాలదు కూడా.
ముడుచుకుంటుంది, కమురుతుంది,
రెండు రోజులు లోయంతా కంపు కొట్టి
తన సంగతి తనే చెప్పుకుంటుంది.

హెర్డ్‌విక్ గొర్రె నల్లగా పుడుతుంది.
ఏడాది తిరిగితే గోధుమ,
ఆపైన ప్రతి కోతకీ ఇంత బూడిద.
అద్దకం అక్కర్లేదు, వయసులు ఏరుకుంటే చాలు.
విన్నీ ఏరి పెట్టింది,
బుట్టకో వయసు.

దురదగొండి కాడలు నానేసి నార తీశాం.
ఉల్లిపొట్టు ఉడికించి ఇటుక రంగు దించాం.
బండ మీది పాచి మాత్రం గీకనివ్వలేదు.
"అది నాకంటే పెద్దది" అంది.

ఇక పడుగు. పోగులు లెక్కపెట్టాలి.
ఆమె "యాన్, టాన్, టెథెరా, మెథెరా" అంటుంది,
అక్కడి గొర్రెలకి మాత్రమే చెల్లే అంకెలవి.
నేను "లాభం, రెండు, మూడు" అంటాను.
"ఒకటి ఏదీ?"
"వడ్లు కొలిచేటప్పుడు మాకు ఒకటి ఉండదు, లాభమే.
ఏడూ ఉండదు. ఆరున్నొకటి."
"ఏడేం చేసింది పాపం?"
"పైకి అంటే ఏడుపు వినిపిస్తుంది."
నవ్వీ నవ్వీ లెక్క తప్పాం.
మళ్ళీ మొదటినుంచి, లాభం...
ఆ కొట్టంలో ఆ యేడు
ఉన్నిని పట్టుకుని ఆ మాటన్నది
నేనొక్కదాన్నే.

ఓ ఆదివారం ఇంటినుంచి పసుపు పట్టుకెళ్ళాను.
"వద్దు. వెలుతురుకి నిలవదు.
పారిపోయే రంగు అది."
వినలేదు.
ఎడమ అంచున, కొండకి పొద్దుటెండ తగిలే చోట,
వేలెడంత నేసేశాను.
చూసింది. ఏమీ అనలేదు.
నాడె నా చేతిలోంచి తీసుకుని
కింద ఏరు నేయడం మొదలుపెట్టింది.

లోయ పటాన్ని ఊరి హాల్లో వేలాడదీశారు.
రాతిగోడలకి ముసలి గొర్రెల బూడిద,
ఏటికి దురదగొండి నార,
కొండ మీది మడుగుకి
పుట్టి ఏడాది నిండని నలుపు.
ఎదురుగా పడమటి కిటికీ.
మొదటి వేసవికి నా పసుపు మీగడయింది.
రెండో వేసవికి
అది ఎక్కడుండేదో నాకే తెలుసు.

ఎక్కడ వేసిన గొంగడి అక్కడే అంటాం,
కదలని పనులని తిట్టుకుంటూ.
గొంగడిని ఎవరూ సరిగా చూడలేదేమో.

మొన్న అక్టోబరులో అదే హాల్లో
ఫ్లూ సూదులకి బల్ల వేశాను.
విన్నీ వచ్చింది. నాడె పట్టని చేతులు,
పెంచిన మోతాదు నాకు కంఠతా వచ్చు.
చీటీ చూపించింది. ఏడో నంబరు.
"ఆరు... ఆరునో..." అని తడుముకుని
మిగతాది నాకు వదిలేసింది.

సూది అయ్యాక వెంటనే కదల్లేదు.
గోడ దగ్గరికి నడిచి
వంకర తిరిగిన చూపుడువేలితో
ఎడమ అంచు కాస్త పైకెత్తింది.
నన్ను పిలవలేదు, అలాగే పట్టుకుని నిలబడింది
నేను తలెత్తేదాకా.

వెనకవైపు వేలెడు పసుపు,
కొట్టంలో ఆరేసిన రోజులాగే.

ఎనిమిదో నంబరు దగ్గింది.
చేతులు కడుక్కుని
రమ్మన్నాను.