మూడడుగులు

సావా నది ఒడ్డున తేనెరైతుల సంఘం ఆఫీసు.
ఏప్రిల్ అయినా కోటు విప్పలేదు రెజ్కా.
"నిన్న పొద్దున ఉంది, ఇవాళ లేదు" అంది,
ఠాణాలో దొంగతనం రాయిస్తున్నట్టు.

నెట్‌వర్క్ అన్న బొమ్మ మీద రెండుసార్లు నొక్కాను.
తెల్లటి కిటికీలో చిన్న చక్రం తిరిగి తిరిగి
దొరకలేదని ఒప్పుకోకుండానే ఆగిపోయింది.
పిలవని పేరంటానికొచ్చినట్టు
ప్రింటరు ఒక్కటే కనబడింది.

పెట్టె ఎక్కడ?
నేలమాళిగలో, తేనె పీపాల పక్కన.
ముప్పై ఏళ్ళ లెక్కలు అందులోనే:
ఏ రాణి ఈగ ఏ ఏడు పుట్టింది,
ఏ లోయలో లిండెన్ ముందు పూసింది,
ఏ చలికి ఎన్ని గుంపులు రాలిపోయాయి.

మెట్లు దిగాను. చీకట్లో ఆకుపచ్చ దీపం మినుకుతోంది.
చెవి ఆనించి విన్నాను. ఫ్యాను తిరుగుతోంది.
బతికే ఉంది.
కేబుల్ పీకి మళ్ళీ గుచ్చాను,
మా వృత్తిలో అదే వినాయకుడి పూజ.
ఏమీ మారలేదు.

పైకొచ్చి పేరు పెట్టి పిలిచాను: చెబెల్‌న్యాక్.
పలకలేదు.
ఫైర్‌వాల్ దించి చూశాను, లేపి చూశాను.
వర్క్‌గ్రూప్ పేరులో అక్షరాలు వేలు పెట్టి లెక్కించాను.
గడియారాలు సరిచూశాను,
వేళలు కలవని యంత్రాలు ఒకదాని మాట ఒకటి నమ్మవు.
కలిశాయి.
దాచిన పాత పాస్‌వర్డు చెరిపేస్తే
రెజ్కా కొత్తగా కొట్టింది, రెండు వేళ్ళతో,
నేను మర్యాదగా అటు తిరిగి నిలబడితే
ఒక్కో అక్షరం పైకే చదువుతూ.

మధ్యాహ్నం అల్బిన్ వచ్చాడు.
గోళ్ళలో మైనం, గడ్డం నిండా పొగ వాసన.
తెర వంక చూడనైనా చూడలేదు.
"నిన్న ఏం కదిపారు?"
ఏమీ లేదంది రెజ్కా. కాసేపాగి,
"రౌటరు మార్చారు. పాతది పిడుగుకి పోయింది."

"పెట్టెని మూడడుగులు జరిపి చూడు" అన్నాడు అల్బిన్.
నేను లేచి మెట్ల వైపు నడిచాను కూడా.
"ఆ పెట్టె కాదయ్యా, నా పెట్టె!
మేతకెళ్ళిన ఈగలు సాయంత్రం వచ్చి
పాత చోటే ముసురుతాయి.
మూడడుగుల అవతలే ఇల్లు, వాసన కొడుతూనే ఉంటుంది.
వాటికి మాత్రం ఇల్లంటే
గాలిలో ఆ చోటే."

రౌటరు లోపలికి వెళ్ళి పంచిన అంకెలు చూశాను.
మన పెట్టె చివరి అంకె ఇరవై ఉండేది,
నూట నలభై మూడైంది.
ఎవరినీ ఎరగని కొత్త రౌటరు
వచ్చినవాళ్ళకి వచ్చినట్టు చోటిచ్చింది.
డెస్క్‌టాప్ మాత్రం రాత్రి నుంచీ
ఇరవయ్యో గడపలోనే తలుపు కొడుతోంది.
అక్కడిప్పుడు ప్రింటరు కాపురం.

పేరు పిలిచినా ఎందుకు పలకలేదు?
మూలనున్న చిన్న ఫైలు తెరిస్తే
చెబెల్‌న్యాక్ పక్కన ఇరవై అని
ఎవరో ఎనిమిదేళ్ళ కింద చేత్తో రాసిపెట్టారు.
ఎవరో ఏమిటి, నేనే.

అడ్డగీతలు రెండు, ఆపైన కొత్త అంకె.
తెరుచుకుంది. ఫోల్డర్లన్నీ
ఎక్కడివక్కడే ఉన్నాయి.
"మరి ఇక్కడ ఇంకా కనబడదేం?"
రెజ్కా వేలు ఆ ఖాళీ కిటికీ మీదే ఉంది.
పాతకాలపు పెట్టె కదా, నేనున్నానని కేకేసే అలవాటు లేదు,
ఇల్లు తెలిసినవాళ్ళే వెళ్ళి తట్టాలన్నాను.
ఆమెకది నచ్చలేదు.
అంకెని టేపు మీద రాసి తెర అంచుకి అతికించింది,
గుచ్చి గుచ్చి, పెన్ను విరిగేలా.

బిల్లు రాశాను, రెండు గంటలని.
కనిపెట్టింది అల్బినని రాయడానికి
అందులో గడి లేదు.

బయట ఎండ వాలుతోంది.
పొద్దున అతను నిజంగానే ఏదో జరిపినట్టున్నాడు,
గడ్డిలో నలుచదరపు పాలిపోయిన మచ్చ ఉంది,
దాని మీద నడుమెత్తున
ఓ ముప్పై ఈగలు గింగిరాలు కొడుతున్నాయి.
కారు తాళం చేతిలో పట్టుకుని కాసేపు నిలబడ్డాను.
వాటికి చెప్పడానికి నా దగ్గర అంకె లేదు.