ఇరవై కిలోల లోపు

గురువారం రాత్రి తొమ్మిదిన్నర.
రాయగడ కాగితం మిల్లు కాలనీ క్లబ్బులో
షట్టర్ల టీవీకి వాచ్‌మన్ తాళం తీసేవాడు.
తెలుగువాళ్ళం, ఒడియావాళ్ళం, ఒకే హిందీని
తలా సగం అర్థం చేసుకుని కూచునేవాళ్ళం.
నాగావళి మీంచి గాలి కొడితే
బొమ్మ జల్లెడలో పోసినట్టయ్యేది.
ఎవడో ఒకడు డాబా ఎక్కి యాంటెనా పట్టుకునేవాడు.
సరిగ్గా భయపడాల్సిన చోట
"ఇప్పుడెలా ఉందిరా?" అని పైనుంచి కేక.

వారానికో కథ. పోయిన వారం మనిషి ఈ వారం ఉండడు.
చచ్చినవాడి గురించి ఎవరూ అడగరు,
దొరికినవాడికి ఏ శిక్ష పడిందో చెప్పరు.
అదే దాని సుఖం.

పదకొండో కథ వేబ్రిడ్జి గుమాస్తాది.
క్లబ్బు క్లబ్బంతా నా వేపు తిరిగింది.
మొన్న మనవరాలి ఫోన్‌లో మళ్ళీ చూశాను,
అరచేతిలో, ముప్పై ఏడేళ్ళ తర్వాత.

ముందు మంచి చెప్తాను.
మొదటి ఎనిమిది నిమిషాలు సంగీతం లేదు.
రేకు మీద వాన, బయట ఇంజను గురక,
కాటా కడ్డీ మీద గుండు జరిగే చప్పుడు.
ఆ చప్పుడు అబద్ధం కాదు, ఎక్కడో నిజం కాటా దగ్గరే పట్టుకున్నారు.
నటుడెవరో తెలీదు.
కార్బన్ కాగితం మార్చాక
నల్లబడ్డ వేలు జుట్టుకి రాసుకున్నాడు చూడండి,
అది ఏ దర్శకుడూ నేర్పలేడు.

కథ ఇది. సరుకు దించి ఖాళీగా పోయే లారీ ఒకటి
రోజూ యాభై ఎనిమిది కిలోలు ఎక్కువ తూగుతుంది.
గుమాస్తా టార్పాలిన్ ఎత్తి చూస్తాడు. ఏమీ ఉండదు.
చివరికి, వాన వెలిశాక, తనే కాటా ఎక్కుతాడు.
యాభై ఎనిమిది.
ముల్లు ఆగుతుంది. పేర్లు పడతాయి.
ఆ రాత్రి బాయిలర్ సెక్షన్ పొట్నూరు గుప్పిట్లో
పల్లీలు అలాగే ఉండిపోయాయి.

ఇక తప్పులు.
డ్రైవరు మరీ దొంగచూపులు చూస్తాడు.
నిజం డ్రైవర్లు ఆవలిస్తారు.
భార్యకి కలొచ్చే ముక్క కోసి పారేయొచ్చు.
అసలు తప్పు వేరు.
యాభై ఎనిమిదిని మా కాటా అయితే చూపించదు.
ఇరవై ఇరవై చొప్పున నడిచేది.
నలభై, లేదా అరవై. మధ్యలో ఉన్నది
ఏదో ఒక వేపు ఒరగాల్సిందే.
రాసినాయన ఒక్క రాత్రి నా కుర్చీలో కూచుని ఉంటే
ఈ కథ రాసేవాడు కాదు.
ఇంతకన్నా భయమైనది రాసేవాడు.

"పదికి ఎన్ని, తాతా?"
ఆరున్నర అన్నాను.
"ఇందులో అరలు లేవు. ఆరా, ఏడా?"

ఆ ఏడాదే, ఆషాఢంలో,
కల్యాణసింగ్‌పూర్ వేపు నుంచొచ్చిన వెదురు లారీ తూచాను.
నిండుగా ఒకసారి, ఖాళీగా ఒకసారి.
తెల్లారి గేటు దగ్గరికి ఒకామె వచ్చింది.
కుయి తప్ప వేరే మాట రాదు. క్లీనరు తిప్పి చెప్పాడు.
వెదుళ్ళ మీద నిద్రపోయిన ఏడేళ్ళ గుంటడు
ఇక్కడేమైనా దిగాడా అని.
పేరు సోంబారు.

నేను రిజిస్టరు తెరిచాను.
నాకు తెలిసిన జవాబు అదొక్కటే.
వచ్చిన బరువు, పోయిన బరువు, తేడా.
కొట్టివేత ఒక్కటి లేని నా అంకెలు.
బక్కోడట, పదిహేడు కిలోలుంటాడేమో.
మా కాటాకి అది గాలి.
ఆమె వంగి, చదువురాని వేలొకటి
నికర బరువు మీద పెట్టి
కాసేపు అలాగే ఉంచింది,
నాడి చూసినట్టు.

తర్వాతి గురువారం రాత్రి మళ్ళీ వచ్చిందట.
డ్యూటీలో ఉన్న కృపాసింధు చెప్పాడు.
నేను క్లబ్బులో ఉన్నాను.
పన్నెండో కథ.
అది దేని గురించో
ఎంత తన్నుకున్నా గుర్తు రావడం లేదు.